చెఱ వెడలిన గురువులు

చెఱసాలనుండి విడుదలయై వచ్చినవాడు వీథిలో నడచిపోవుచుండగా తల్లులు బిడ్డలను లోనికి పిలుచుకొందురు. పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. అంగడివాడు గల్లాపెట్టెపై చేయి వేయును. ఇది లోకమర్యాద. ఈ మర్యాదను తప్పు పట్టుటకు మేము పూనుకొనుట లేదు. బిడ్డల క్షేమము కోరువారికి శంక సహజము. కాని అట్టివానినే పిలిచి, దారి తప్పుచున్న బాలుని వాని కప్పగించి, నీవు నడచిన త్రోవను వీనిని నడువనీయకుమని వేడుకొను పట్టణములు నేడు లోకమున కొన్ని గలవు. ఈ విపరీతమైన కార్యమునకు వారేల పూనుకొనిరి? దానివలన కలిగిన ఫలమేమి? అందు మనము గ్రహింపదగిన దేది, విడువదగిన దేది? ఈ విషయమును నేడు విచారింపదలచితిమి.

పదునాలుగు మొదలు ఇరువది యేండ్లవఱకు గల ప్రాయము చిత్రమైనది. ఆ ప్రాయమున తండ్రి మాట చాదస్తముగను, ఉపాధ్యాయుని మాట పాఠముగను, పోలీసువాని మాట పగగను తోచును. తన వీథిలోనే నాలుగేండ్లు పెద్దవాడైన యొకడు క్రొత్త మోటారుసైకిలుపై వచ్చి, భుజముపై చేయి వేసి, చేతిలో నోటు పెట్టినచో, వాని మాట మాత్రము వేదవాక్యమగును. మత్తుపదార్థముల వ్యాపారము నడుపువారీ రహస్యమును చక్కగా నెఱిగినవారు. సరకు మోయుటకును, వీథి మొగమున కావలి కాయుటకును, చిన్న పొట్లములు చేతులు మార్చుటకును వారు బాలురనే వెదకుదురు. బాలునకు కూలి తక్కువ, వానిపై అనుమానము తక్కువ, చిక్కినచో శిక్షయు తక్కువ. వ్యాపారికిందు నష్టము లేదు. నష్టమంతయు బాలునిది, వాని తల్లిదండ్రులది.

ఆ మోటారుసైకిలువానితో పోటీపడగలవా డెవడు? పాము కాళ్లు పామున కెఱుక యని మన పెద్దలనిరి. ఆ వీథిలో పెరిగి, ఆ నోటునే పుచ్చుకొని, ఆ సరకునే మోసి, దాని ఫలముగా యౌవనము నంతయు ఇనుపకటకటాల వెనుక గడపి వచ్చినవాడు మాట్లాడినప్పుడు బాలుడు నవ్వజాలడు. నీకేమి తెలియునని యడుగజాలడు. ఇంతవఱకు సామెత సత్యమే. కాని యెఱుక యొక్కటియే చాలదు. ఎఱిగినవానిని మనమెట్లు నియోగింతుమను దానిపై ఫలము నిలుచును. వానిని బూచిగా నిలిపినచో కీడు, తోడుగా నిలిపినచో మేలు. ఇది మా యూహ కాదు. ఇంచుమించు ఏబది యేండ్ల యనుభవమున తేలిన మాట. ఆ యనుభవము ముఖ్యముగా అమెరికా దేశమునకు సంబంధించినది. మొదట వారి యపజయమునే చెప్పెదము. అందుండియే నేర్వదగినది యెక్కువ గలదు.

బూచిని చూపుట

న్యూజెర్సీ రాష్ట్రమున రాహ్‌వే కారాగారమని పేరు గాంచిన పెద్ద చెఱసాల యుండెను. 1976లో అందలి యావజ్జీవ ఖైదీలు కొందఱు సంఘముగా నేర్పడి, దారి తప్పుచున్న బాలురకు తమ స్థితిని చూపి బుద్ధి చెప్పుటకు ముందుకు వచ్చిరి. వారి యుద్దేశము మంచిది; అందు వారికి స్వలాభాపేక్ష లేదు. బాలురను కొన్ని గంటలపాటు చెఱలోనికి తెచ్చి, తలుపులు బిగించి, ఖైదీలు వారి ముఖమునకు ముఖము చేర్చి గర్జించిరి. లోపల నడచు కొట్లాటలను, హత్యలను, చెప్పరాని బలాత్కారములను వర్ణించి చెప్పిరి. నీవిచ్చటికి వచ్చినచో నీ గతి యిదియే యని బెదిరించిరి. బాలురు కొందఱు వణకిరి, కొందఱు కన్నీరు పెట్టిరి.

ఈ దృశ్యమును చిత్రముగా తీసి 1978లో ప్రదర్శించిరి. భయపెట్టి దారికి తెచ్చుట యను నర్థము వచ్చునట్లు దానికి "స్కేర్డ్ స్ట్రెయిట్" అని పేరిడిరి. మఱుసటి సంవత్సరమున ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించెను. చూచినవారెల్లరు మెచ్చిరి. ఖర్చు స్వల్పము, కాలము మూడు గంటలు, ఫలము కన్నులకు కట్టినట్లున్నది. ఇంకేమి కావలెను? ఆ దేశమున ఇతర రాష్ట్రములును అట్టి ప్రదర్శనములనే యారంభించినవి.

అప్పుడు రట్గర్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జేమ్స్ ఫింకెనౌర్ ఎవ్వరును చేయని పని యొకటి చేసెను. ఆ బాలురు చెఱసాల వాకిలి దాటిన పిదప ఏమైరని విచారించెను. రాహ్‌వేకు పోయివచ్చిన 46 మందిని, పోని 35 మందిని తీసికొని పోల్చి చూచెను. పోనివారిలో నూటికి 11 వంతుమంది మరల నేరమున చిక్కిరి. పోయివచ్చినవారిలో నూటికి 41 వంతుమంది చిక్కిరి! ఆయన 1982లో ఈ విషయమును గ్రంథముగా ప్రకటించెను. ఒక్క పరిశీలనమును నమ్మరాదందుమేని, 1967 మొదలు 1992 వఱకు అమెరికాలో వేర్వేరు చోట్ల ఇట్టి ప్రదర్శనములపై జరిగిన తొమ్మిది పరీక్షలను, ఇంచుమించు వేయిమంది బాలుర వృత్తాంతమును, తరువాతి పండితులు కూర్చి పరిశోధించిరి. వారును ఆ నిర్ణయమునకే వచ్చిరి. ఏమియు చేయక యూరకుండుటకంటె నిట్లు చేయుట కీడని తేలెను. ఇంత తేలిన పిదపను 2011లో అట్టి దృశ్యములనే అమెరికా టెలివిజనులో వారవారము ప్రదర్శించిరి. చూచువారికి వేడుకగా నున్నదానిని రుజువులు చంపజాలవు కాబోలు.

కారణమేమి? బెదిరింపు ఆ బాలునికి క్రొత్తది కాదు. ఇంటను, వీథిలోను వాడు పుట్టినది మొదలు బెదిరింపునే యెఱుగును. నలుగురు తోడివారి యెదుట తనను వణకించినవానిని వాడు గురువుగా గ్రహింపడు. నేను వణకలేదని చూపుటకు మఱునాడే యొక సాహసము చేయును. చెఱసాలలో బలవంతుడే రాజను మాట వాని చెవికి హెచ్చరికగా గాక పాఠముగా వినబడును. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. ఆ సాయంకాలము వాడు తన వీథికే తిరిగిపోవును. అచ్చట మోటారుసైకిలువాడు వాని కొఱకు వేచియుండును. గర్జించిన ఖైదీ మాత్రము రాహ్‌వేలోనే యుండును. మూడు గంటల భయము మూడు వందల సాయంకాలముల చెలిమితో పోరాడజాలదు.

ఈ యపజయమును మేమింత విస్తరించి చెప్పుటకు కారణము గలదు. ఇట్టి బుద్ధి మన దేశమునను లేకపోలేదు. బాలురను సభలో కూర్చుండబెట్టి, వేదికపై ఎవనినో నిలువబెట్టి, వాని కన్నీటి కథ వినిపించి, ప్రతిజ్ఞ చేయించి, ఛాయాచిత్రము తీయించుకొని పంపివేయుటతో కర్తవ్యము తీరెనని తలచు అధికారులును, పెద్దమనుష్యులును మనయందును గలరు. అది కార్యము కాదు, తంతు.

ఒకనికొకడు

మఱియొక త్రోవ యున్నది. దాని మూలము మద్యపాన విషయమున కానవచ్చును. 1935లో అమెరికాలో అక్రన్ అను పట్టణమున ఇద్దఱు త్రాగుబోతులు కలిసికొనిరి. ఒకడు వ్యాపారి, ఒకడు వైద్యుడు. వైద్యులును, భార్యలును, మతబోధకులును మాన్పింపలేని త్రాగుడును వారొకనితో నొకడు మాట్లాడుకొని మానగలిగిరి. ఆ సమావేశమే నేడు దేశదేశములందు వ్యాపించియున్న "ఆల్కహాలిక్స్ అనానిమస్" సంఘమునకు పునాది. అందలి సూత్రము సామాన్యమైనది: త్రాగుట మానినవాడు, ఇంకను మానలేనివానికి చేయూత నిచ్చుచుండవలెను. అట్లిచ్చుటవలన రెండవవాడు బాగుపడునో లేదో గాని, ఇచ్చినవాడు తప్పక నిలుచును. చేయి పట్టుకొనువానికెంత యవసరమో, చేయి యిచ్చువానికి నంతే యవసరము. పాతనేరస్థులు బాలురకు తోడ్పడుటలో దాగియున్న బలమంతయు నీ సూత్రముననే యున్నది.

ఈ సూత్రమును చెఱనుండి వచ్చినవారికి వర్తింపజేసినది శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి డెలాన్సీ స్ట్రీట్ సంస్థ. హెరాయిన్‌కు బానిసయై చెఱ యనుభవించి వచ్చిన జాన్ మేహర్ అనునతడు 1971లో నలుగురితో, వేయి డాలర్ల యప్పుతో దానిని స్థాపించెను. నేరశాస్త్రమున పండితురాలైన మిమి సిల్బర్ట్ అతనితో చేరి, తరువాత చిరకాలము దానిని నడపెను. అచ్చట చేరువారు చెఱసాలనుండియో, వీథినుండియో వచ్చినవారు. కనీసము రెండేండ్లుండవలెను. మత్తు కూడదు, కొట్టుట కూడదు, కొట్టుదునని బెదిరించుటయు కూడదు. అచ్చట జీతగాండ్రైన ఉపదేశకులు లేరు. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి గురువు. ఎనిమిదవ తరగతి చదువు వచ్చినవాడు ఆఱవ తరగతివానికి చెప్పును. వంట నేర్చినవాడు అంట్లు తోమువానికి వంట నేర్పును. ప్రతివాడును బయట బ్రతుకుదెరువు కలిగించు పనులు మూడు నేర్వవలెను. వారు ఇండ్ల సామానులు చేరవేయు వ్యాపారము నడపిరి, భోజనశాల నడపిరి, ముద్రణాలయము నడపిరి. నగరపు రేవుచెంత తాము నివసించుటకై మూడున్నర లక్షల చదరపు అడుగుల భవనసముదాయమును తమ చేతులతోనే కట్టుకొని 1990లో ముగించిరి. అంతకుముందు ఇటుకపై ఇటుక పెట్టి యెఱుగనివారే వారిలో పెక్కుమంది.

ఇట్టిదే లాస్ ఏంజిలిస్ నగరమున మఱియొకటి గలదు. గ్రెగరీ బాయిల్ అను క్రైస్తవ పురోహితుడు 1988లో ముఠాల బాలురకు పని చూపుటకై యారంభించిన కార్యము, 1992లో రొట్టెల కార్ఖానాగా మారి, "హోంబాయ్" అను పేర నేటికిని సాగుచున్నది. నిన్నటివఱకు నొకనిపై నొకడు తుపాకి కాల్చుకొన్న ముఠాలవారు అచ్చట నొకే పొయ్యియొద్ద పిండి పిసుకుదురు. ముఖముపై పొడిపించుకొన్న ముఠా పచ్చబొట్లను వైద్యులు ఉచితముగా చెఱిపివేయుదురు. లండన్ నగరమున సెయింట్ గైల్స్ ట్రస్టు 2006లో నారంభించిన పథకమునకు మూలపురుషుడు మాదకద్రవ్య వ్యాపారమునకై దీర్ఘశిక్ష పొందినవాడే. ఈ మూడు చోట్లను కనబడు సామాన్యధర్మమొకటి గలదు. బోధ పనితో కలిసి యున్నది. పని కూలితోనో, కూటితోనో కలిసి యున్నది. చేయుటకు పని చూపక, చేయకుమని మాత్రము చెప్పువాని మాట యెవడు వినును?

షికాగో వీథులలో

షికాగో నగరపు వృత్తాంతము మఱింత విచారణీయమైనది. గ్యారీ స్లట్కిన్ అను వైద్యుడు ఆఫ్రికా దేశములలో క్షయ, కలరా, ఎయిడ్స్ వ్యాధులతో పోరాడి 1995లో స్వదేశమునకు మరలి వచ్చెను. నగరమున తుపాకి హత్యలు జరిగిన చోట్లను పటముపై గుర్తించి చూడగా, అవి అంటువ్యాధివలె గుంపులు గుంపులుగా నుండుట కనిపించెను. ఒక హత్య మఱియొక హత్యను కనును. అది మూడవదానిని కనును. అంటువ్యాధి వచ్చినప్పుడు రోగిని తిట్టి ప్రయోజనము లేదు, అంటును తెంపవలెను. ఈ యూహతో 2000లో వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ అను పేటలో "సీజ్‌ఫైర్" అను కార్యము నారంభించిరి. 2004లో దానికి క్రొత్త యంగమొకటి చేర్చిరి. ఆ పేటలలోనే ముఠాలలో తిరిగి, శిక్షలనుభవించి, మాఱినవారిని జీతమిచ్చి నియమించి, కలహమును నడుమ తెంపు పనిని వారికప్పగించిరి.

వారి పని యెట్లు సాగునో చెప్పెదము. ఒకడు తుపాకి దెబ్బ తిని ఆసుపత్రి చేరును. వాని తమ్ముడు, స్నేహితులు వరండాలో నిలిచియుందురు. పగతీర్చుకొనుట యా రాత్రియే నిశ్చయమగును. ఆ సమయమున అచ్చటికి పోలీసు వచ్చినచో అందఱు నోరు మూసికొందురు. బోధకుడు వచ్చినచో వెడలగొట్టుదురు. ఒకప్పుడు తానును తమ్ముని పగ తీర్చబోయి పదునైదేండ్లు చెఱలో గడపిన వాడు వచ్చి ప్రక్కన కూర్చున్నచో మాత్రము వినుదురు. అతడు ఉపన్యసింపడు. ఆ రాత్రి వారిని వీడడు. టీ త్రాగించును, కారులో త్రిప్పును, తల్లియొద్దకు కొనిపోవును. కోపము చల్లాఱు నంతవఱకు కాలము గడపుటయే యతని విద్య. శవయాత్రలయందును, విడుదలయైనవాడు ఇంటికి వచ్చిన దినమునను, పది డాలర్ల బాకీ తగవులయందును అతడు కనిపెట్టుకొనియుండును. ఆ పిదప మఱియొక తెగ పనివారు ఆ యువకులలో అపాయమునకు దగ్గఱగా నున్నవారిని కొందఱిని చేపట్టి, నెలనెలయు పెక్కుమాఱులు కలిసికొని, బడికో, పనికో, మత్తు మాన్పు చికిత్సకో చేర్చుదురు.

ఈ కార్యమున ఒక కట్టుబాటు ప్రాణము వంటిది. అతడు పోలీసులకు వార్తలు మోయడు. మోసెనను అనుమానము కలిగిననాడు అతని మాట చెల్లదు, అతని ప్రాణము దక్కదు. ఇది పోలీసులకు రుచింపని కట్టుబాటు. అయినను దీనిని గౌరవింపని చోట నీ పని సాగదు.

ఫలమేమి? నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వెస్లీ స్కోగన్ ఆధ్వర్యమున, అమెరికా ప్రభుత్వ ధనసహాయముతో జరిగిన పరిశోధనము 2008లో వెలువడెను. ఏడు పేటలను పరిశీలింపగా, నాలుగింట తుపాకి కాల్పులు నూటికి 16 మొదలు 28 వంతులవఱకు తగ్గినట్లును, ఆ తగ్గుదల ఈ కార్యమువలన కలిగినదనియు తేలెను. తక్కిన పేటలలో నంత స్పష్టమైన ఫలము కానరాలేదు. పిట్స్‌బర్గ్ నగరమున నిట్టిదే యైన మఱియొక పథకమును పరిశీలించినవారు, హత్యలు తగ్గలేదనియు, దాడులు కొంత పెరిగినవనియు వ్రాసిరి. నియమితులైనవారిలో కొందఱు మరల నేరములలో చిక్కుటయు కలదు. 2015లో ఇలినాయి రాష్ట్రప్రభుత్వము ధనము నిలిపివేయగా షికాగోలో పని చాలవఱకు కుంటుపడెను.

ఈ మాటలను దాచుట మాకిష్టము లేదు. ఇది మంత్రము కాదు, వైద్యము. వైద్యుడు మంచివాడైనను, మోతాదు తప్పినచో, నడుమ మందు నిలిపినచో రోగము తిరుగబెట్టును. అయినను రాహ్‌వేకును షికాగోకును గల భేదమును చదువరులు గమనింతురు గాక. రెండుచోట్లను మాట్లాడినవారు నేరస్థులే. ఒకచోట వారు కొన్ని గంటలు గర్జించిరి; ఒకచోట వారు ఏండ్ల తరబడి ప్రక్కన నడచిరి. ఒకచోట బాలుని భయము వారి సాధనము. ఒకచోట బాలుని విశ్వాసము వారి సాధనము. ఫలము వేఱగుటలో వింత యేమి?

చంబల్ లోయయు, స్టూవర్టుపురమును

ఇది పరదేశముల విద్య మాత్రమే యని యెవరును తలపరాదు. 1960లో ఆచార్య వినోబా భావే చంబల్ లోయలో నడచినప్పుడు సుమా రిరువదిమంది బందిపోట్లు ఆయన యెదుట తుపాకులను విడిచిరి. ఉరిశిక్ష పడి నైనీ కారాగారమున నున్న తహసీల్దార్ సింగు పంపిన విన్నపము ఆ యాత్రకు ప్రేరకములలో నొకటి. అతడు పేరుమోసిన మాన్‌సింగు కుమారుడు. పండ్రెండేండ్లు గడచిన పిదప, 1972లో జయప్రకాశ నారాయణుని యెదుట వందలకొలది బందిపోట్లు లొంగిపోయిరి. ఆ వందలమందియొద్దకు కొండలలోనికి పోయి మాట నడపినవారిలో ఈ తహసీల్దార్ సింగును, 1960లో లొంగిపోయిన లోక్‌మన్ అనునతడును ముఖ్యులు. సర్వోదయ కార్యకర్తల సౌజన్యము గొప్పదే. కాని తుపాకి పట్టినవానికి తుపాకి విడిచినవాని మాటయే పూచీ. మొదటివారిని మనుష్యులుగా చూచినందున రెండవవారు లభించిరి. 1960లో లొంగినవారిని మోసగించియుండినచో 1972 సంభవించి యుండదు.

మన తెలుగునాటి మాట యిప్పుడు చెప్పవలెను. ఇచ్చట మొదట చెప్పవలసినది నేరము మాట కాదు, నిందమాట. ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసెను. 1911లో అది చెన్నరాజధానికిని వర్తించెను. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము ఆ శాసనము క్రింద ఎఱుకలవారిని కూర్చుటకై సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున నేర్పడిన పల్లె. పురుషుడు రాత్రి గ్రామము విడిచినచో నేరము, హాజరు చెప్పకున్నచో నేరము. దొంగతనము చేయనివాడును దొంగయే. 1952 ఆగస్టు 31వ తేదీతో ఆ చట్టము రద్దయ్యెను. పేరు మాత్రము రద్దు కాలేదు. ఏ యూరిలో దొంగతనము జరిగినను పోలీసు బండి మొదట అచ్చటికే పోవుచుండెను.

1970 తరువాతి దశాబ్దమున జాషువా కవి కుమార్తె హేమలత, ఆమె భర్త లవణము ఆ పల్లెలో కాలు పెట్టిరి. వారు బెదిరించుటకు పోలేదు. కూర్చుండి వినుటకు పోయిరి. వారి "సంస్కార్" సంస్థ అచ్చటివారికి చదువును, పనిని, కేసుల చిక్కులనుండి బయటపడు మార్గమును చూపుటకు పాటుపడెను. దొంగల యూరని పేరు పెట్టి, పని యీయక, పిల్లలను బడిలో వెనుక బల్లపై కూర్చుండబెట్టి, పిమ్మట దొంగతనము చేసెనని యాశ్చర్యపడు లోకమునకు ఆ దంపతులు మంచి బుద్ధి చెప్పిరి. నేరమునుండి మరలింపదలచినవాడు మొదట నేరస్థుడను పేరునుండి మరలింపవలెనను సత్యమునకు స్టూవర్టుపురము సాక్షి.

మన కర్తవ్యము

నేడు మన వాకిటికి వచ్చినది గంజాయి. తూర్పుకనుమల మన్యమునుండి అది మైదానమునకును, పరరాష్ట్రములకును ప్రవహించుట యెల్లరెఱిగినదే. రెండు తెలుగు రాష్ట్రములును మాదకద్రవ్య నిరోధమునకు ప్రత్యేకమైన పోలీసు విభాగముల నేర్పరచినవి. అవి అవసరమే. కాని 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద ఇరువది కిలోలకు మించిన గంజాయితో చిక్కినవానికి పది మొదలు ఇరువది యేండ్లవఱకు కఠినశిక్ష గలదని, మూట మోయుటకు బయలుదేఱు కళాశాల కుఱ్ఱవానికెందఱు చెప్పుచున్నారు? పెట్టుబడి పెట్టినవాడు దూరముననే యుండును. మూట మోసినవాడు చెఱకు పోవును. ఇరువది యేండ్లకు పోయినవాడు ముప్పది దాటి వచ్చును. ఆ చట్టముననే 64-ఎ అను సెక్షను గలదు. స్వల్ప పరిమాణముతో చిక్కిన వ్యసనపరుడు తానై చికిత్స కోరి పూర్తి చేసికొన్నచో విచారణనుండి విముక్తి పొందవచ్చును. ఈ దయగల మాట పల్లెలో నెవనికి తెలియును? ఈ రెండు మాటలును ఆ కుఱ్ఱవాని చెవికి, ఆ వీథి భాషలో, నమ్మదగిన నోట చేరవలెను. ఆ మూట మోసి, ఆ చెఱ ననుభవించి వచ్చినవాని నోటికంటె తగినది మఱియేది?

మా పిల్లలను దొంగల కప్పగింపుమందురా యని గృహస్థులు కొందఱడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దొంగకు గాదు, దొంగతనము విడిచి, విడిచినట్లు కొన్ని యేండ్లు రుజువు చేసికొన్నవానికి. అందునను నియమములు కావలెను. పరీక్షించి యేరవలెను. బాలురతో మెలగుటకు శిక్షణ మీయవలెను. పైవిచారణ యుండవలెను. నెలజీతము సరిగా ముట్టవలెను. ఉచితముగా చేయింపరాదు, ఏలయన ఆకలిగొన్నవానికి పాత వ్యాపారి పిలుపు త్వరగా వినబడును. వేదికపై నిలిపి పాత సాహసములను వర్ణింపజేయరాదు. ఆ వర్ణనము బాలునకు వీరగాథయగును. పోలీసు వేగులుగా వాడరాదు. ఒక బాలునితో ఒక్కదినము గాక ఏండ్లు నడువనీయవలెను. వారిలో నొకడు జాఱినచో తక్కినవారి నందఱిని వెడలగొట్టరాదు. ఏటేట లెక్క చూడవలెను. ఫలము లేనిచోట మార్చవలెను. కేంద్రప్రభుత్వపు సహాయము పొందు వ్యసనవిమోచన కేంద్రములలో, మత్తు మానినవాడు సహాయకుడుగా నుండుటకు ఇప్పటికే తావు గలదు. ఆ తావును వాకిలిగా విశాలము చేయుట పురపాలకసంఘములకును, కళాశాలలకును, జిల్లా న్యాయసేవా సంస్థలకును సాధ్యమైన పని.

చట్టము కొంత దూరము మనకంటె ముందే నడచినది. 1958 నాటి ప్రొబేషన్ చట్టము క్రింద విడిచిన వానికి ఆ నేరమువలన అనర్హత యంటదని శాసనము చెప్పుచున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము బాలుని నేరము వాని భవిష్యత్తునకు మచ్చ కారాదని చెప్పుచున్నది. శాసనము మఱచిన దానిని ఊరు మఱవదు. అంగుళిమాలుని కథ మన చదువరు లెఱుగుదురు. వాడు బుద్ధుని చేరి, కాషాయము ధరించి, హింస విడిచి భిక్షకు పోగా, ఊరివారు రాళ్లు విసరిరి. తల పగిలి నెత్తురు కారుచు, భిక్షాపాత్ర చిట్లి తిరిగి వచ్చెను. ఆ కథను మనము భక్తితో చెప్పుకొందుము. అంగుళిమాలుని పక్షమున కన్నీరు విడుతుము. కాని ఆ రాళ్లు విసరినవారు మనవంటి గృహస్థులేయని మనకు తోచదు.

కావున మేము కోరునది స్వల్పము. బియ్యపు మిల్లు గలవారు, తోటలు గలవారు, దుకాణములు గలవారు, మన చదువరులలో నెందఱో గలరు. శిక్ష ముగించుకొని వచ్చి తల వంచుకొని పని యడిగినవాడు మీ గుమ్మమున నిలిచిననాడు, వాని పాత పేరు కాక వాని చేతుల బలమును చూడుడు. ఒకనికి పని యిండు. ఏడాది పరీక్షింపుడు. నిలిచెనేని, సాయంకాలము వాని వీథిలోని కుఱ్ఱవాండ్రతో కూర్చుండుటకు గంటసేపు సెలవిండు. ఆ గంటకు మీరిచ్చు కూలి, ఒకనాడు మీ కుమారునికో, మీ పాలేరు కుమారునికో న్యాయవాదికి చెల్లింపవలసివచ్చు రుసుముకంటె చాల తక్కువ.